దారి చూపిన రాళ్లు

నైరుతి ఇంగ్లండులోని డెవన్ ప్రాంతమున డార్ట్‌మూర్ అను విశాలమైన బీడుభూమి కలదు. చెట్లు అరుదు, ఊబినేలలు మెండు. పొగమంచు క్రమ్మినచో అడుగు దూరమున ఏమున్నదో కానరాదు. అట్టి చోట బాటసారికి దిక్కు తెలుపుటకు మధ్యయుగపు జనులు గ్రానైటు శిలువలను నిలిపిరి.

బక్‌ఫాస్ట్, టావిస్టాక్, బక్‌లాండ్ మఠముల నడుమ సాగిన బాటల వెంట ఇవి నేటికిని కానవచ్చును. కొన్ని పొలిమేర గురుతులుగా కూడ ఉపకరించినవి. 1240లో మూడవ హెన్రీ రాజు ఆజ్ఞపై పన్నెండుమంది యోధులు రాజారణ్యపు ఎల్లలను చుట్టివచ్చినపుడు, ఏడడుగులకు మించిన సీవార్డు శిలువను ఒక హద్దుగా పేర్కొనిరి.

16వ శతాబ్దిలో మఠములు మూతపడినవి; బాటలు మాసిపోయినవి. శిలువల ప్రయోజనము మరచినవారు కొన్నింటిని పెరికి, పొలాల గేట్లకు స్తంభములుగా పాతుకొనిరి. సీవార్డు శిలువయు 1846 ప్రాంతమున కూలి విరిగినది. 1848లో దానిని ఇనుప పట్టీలతో బిగించి మరల నిలిపిరి. ఆ అతుకు నేటికిని కనిపించును.

శతాబ్దాల గాలివానకు ఓర్చిన రాయి మనుష్యుల మరపునకు ఓర్వలేకపోయినది. అది ఏల నిలిచెనో ఎరిగినవారు ఉన్నందుననే తిరిగి లేచినది.