నీటి గొట్టమునకు జింకు కవచము

గత వేసవిలో మా వసతిగృహపు నల్లా నుండి నాలుగు దినములు ఎఱ్ఱని నీరు వచ్చినది. గొట్టమును విప్పించి చూచితిమి. నిడివియంతయు చక్కగానే యున్నది. కీలు వద్ద, మరలు కోసిన చోట మాత్రము తుప్పు తినివేసినది. కారణము తెలియవలెనన్న ఆ గొట్టము పుట్టుక తెలియవలెను.

వాడుకలో దీనిని జి.ఐ. పైపు అందుము. ఐరన్ అనునది పేరునకే గాని, నేడు వాడునది మెత్తని ఉక్కు. కర్మాగారమునకు అది చాపచుట్టవలె చుట్టిన రేకుగా వచ్చును. దానిని తగిన వెడల్పున పట్టీలుగా చీల్చి, వరుసగా నిలిపిన రోలర్ల నడుమ నడిపింతురు. జత దాటినకొలది పట్టీ వంగి, తుదకు అంచునకు అంచు చేరువగును. అచట అధిక పౌనఃపున్యము గల విద్యుత్తు అంచులను కరగునంతగా కాల్చును. ఆ క్షణముననే ప్రక్క రోలర్లు అదిమి ఏకము చేయును. అతుకునకు వేరొక లోహమేదియు చేర్చరు. పైకి పొంగిన లోహమును చెక్కి, చల్లార్చి, కొలతకు సరిదిద్ది, సాధారణముగా 6 మీటర్ల తునకలుగా కోసి, నీటి ఒత్తిడితో పరీక్షింతురు.

ఇక కవచము. యశదము, తుత్తునాగము, ఉర్దూలో జస్త్, బజారులో జింకు, అన్నియు నొక్కటే. అది సుమారు 420 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగును. తొట్టెలో 450 డిగ్రీల ప్రాంతమున నుంచుదురు. ఉక్కుపై జిడ్డు గాని తుప్పు గాని యున్నచో జింకు పట్టదు. కావున గొట్టములను ముందు ఆమ్లములో నానబెట్టి, కడిగి, జింకు క్లోరైడు, అమ్మోనియం క్లోరైడు కలిపిన ద్రావణములో ముంచి ఆరబెట్టుదురు. రెండవది మన కళాయివారు వాడు నవాసారమే. పిదప కరగిన జింకులో ముంచగా, అది పైపూతగా మాత్రమే నిలువక, ఇనుముతో కలిసి మిశ్రలోహపు పొరలగును. వెలికి తీసిన వెంటనే లోపల ఆవిరి ఊది, మిగులు జింకును వెడలగొట్టుదురు. ఈ పనికి గాల్వానీ పేరు వచ్చినను, ఈ తొట్టెలో విద్యుత్తుతో నిమిత్తము లేదు.

చిన్న గీత పడినను భయము లేదు. చుట్టునున్న జింకు తాను ముందు క్షయించి ఉక్కును కాచును. కాని మరలు కోయునది కవచము వేసిన తరువాతనే. అచట జింకు పోవుటయే గాక, గోడ మందమును తగ్గును. భారతీయ ప్రమాణము 1239 ననుసరించి పలుచని గొట్టమునకు పసుపు, మధ్యరకమునకు నీలము, మందపుదానికి ఎఱుపు పట్టీ వేయుదురు. మా పాత గొట్టముపై చెరగీ చెరగని పసుపు పట్టీ కనిపించినది. కమిటీవారు నీలిపట్టీ గలదానిని తెప్పించిరి. సాకెట్టు వెలుపల మిగిలిన మరలకు మేము దగ్గరనుండి జింకు రంగు పూయించితిమి.