కిడ్నాప్‌కీ ఉందో బీమా!

ఇంటికి బీమా ఉంది. బండికి ఉంది. పంటకీ పాడిగేదెకీ కూడా ఉంది. మరి మనిషిని ఎవరైనా ఎత్తుకుపోతే..? దానికీ ఉంది! కాకపోతే ఆ పాలసీ ఉన్న సంగతి బయటకు పొక్కకూడదు. చాలాసార్లు అది ఎవరి కోసం తీసుకున్నారో ఆ ఉద్యోగికే తెలియదు. 'కిడ్నాప్ అండ్ రాన్సమ్ ఇన్సూరెన్స్'... పొట్టిగా 'కె అండ్ ఆర్' అని పిలిచే ఈ గుట్టు బీమా ఎలా పనిచేస్తుందో చూద్దామా!

2008 నవంబరు 15. సౌదీ చమురుతో వెళ్తున్న 'సిరియస్ స్టార్' అనే భారీ ట్యాంకరును సోమాలీ సముద్రపు దొంగలు పట్టుకున్నారు. అందులో 25 మంది సిబ్బంది, దాదాపు 20 లక్షల పీపాల ముడిచమురు. బేరసారాలు నడిచాయి. 2009 జనవరి 9న ఓ చిన్న విమానం వచ్చి పారాచూట్‌తో ఒక డబ్బాను జారవిడిచింది. అందులో సుమారు 30 లక్షల డాలర్లు ఉన్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. ఎనిమిది వారాల్లోపే నౌకా, మనుషులూ క్షేమంగా బయటపడ్డారు.

2010 నవంబరు. అదే సముద్రం, అలాంటి దొంగలే. ఈసారి చిక్కింది 'అల్బెడో' అనే సరకు నౌక. 23 మంది సిబ్బంది. దొంగలు అడిగినంత ఇచ్చే స్తోమత యజమానికి లేదు. పాకిస్థాన్‌లో విరాళాలు పోగుచేసి కడితే 2012లో ఆ దేశస్థులు ఏడుగురు విడుదలయ్యారు. మిగతావాళ్లు అక్కడే ఉండిపోయారు. 2013లో నౌక మునిగిపోయింది. చివరికి 11 మంది... వారిలో ఒక భారతీయుడు... 2014 జూన్‌లో బయటపడ్డారు. అంటే, మూడున్నరేళ్ల చెర!

ఎనిమిది వారాలెక్కడ, మూడున్నరేళ్లెక్కడ? తేడా దొంగల్లో లేదు. బందీల వెనక నిలబడి ఫోన్ ఎత్తేవాళ్లూ, డబ్బు సర్దేవాళ్లూ ఉన్నారా లేరా అన్నదే తేడా. ఆ ఇద్దరినీ ముందే సిద్ధంగా ఉంచుకోవడమే ఈ బీమా ఉద్దేశం.

పసివాడి అపహరణతో...

1932 మార్చిలో అమెరికాలో ఓ దారుణం జరిగింది. అట్లాంటిక్ సముద్రం మీదుగా ఒంటరిగా విమానం నడిపి ప్రపంచ ప్రఖ్యాతి పొందిన ఛార్లెస్ లిండ్‌బర్గ్ ఇంట్లోంచి 20 నెలల కొడుకును ఎత్తుకుపోయారు. 50 వేల డాలర్లు చెల్లించినా బిడ్డ దక్కలేదు. మేలో శవం దొరికింది. ఆ భయంలోంచే లండన్‌లోని లాయిడ్స్ బీమా మార్కెట్లో ఈ రకం పాలసీలు పుట్టాయి.

అయితే వాటికి గిరాకీ పెరిగింది 1970ల్లో. 1974లో అర్జెంటీనాలో 'బుంగే అండ్ బోర్న్' వ్యాపార కుటుంబానికి చెందిన అన్నదమ్ములిద్దర్ని మోంటోనెరో గెరిల్లాలు అపహరించారు. వాళ్లను విడిపించుకోవడానికి అయిన ఖర్చు దాదాపు 6 కోట్ల డాలర్లు! లాటిన్ అమెరికాలో వ్యాపారం చేసే కంపెనీలన్నీ ఉలిక్కిపడ్డాయి. ఆ మరుసటేడే, 1975లో, లండన్‌లో 'కంట్రోల్ రిస్క్స్' అనే సంస్థ మొదలైంది. బీమా కంపెనీల తరఫున కిడ్నాప్ కేసుల్లో సలహాలివ్వడమే దాని పని. డబ్బుతోపాటు మనిషి సాయం కూడా పాలసీలో భాగమైంది అప్పుడే.

పాలసీలో ఏముంటుంది?

విదేశాల్లో తవ్వకాలు చేసే కంపెనీలు, నౌకల యజమానులు, సహాయ సంస్థలు, వార్తాసంస్థలు, సంపన్న కుటుంబాలు... ఎక్కువగా దీన్ని తీసుకునేది వీళ్లే. మనదేశంలోనూ కొన్ని ప్రైవేటు సాధారణ బీమా సంస్థలు ఈ కవర్ ఇస్తున్నాయి.

విడుదలకు చెల్లించే సొమ్ము ఇందులో ఒక పద్దు మాత్రమే. ఆ డబ్బును తీసుకెళ్తుండగా దారిలో పోయినా పరిహారం ఉంటుంది. సలహాదారు ఫీజు, దుభాషీల ఖర్చు, ప్రయాణాలు, అప్పు తెస్తే దానిమీద వడ్డీ, బందీగా ఉన్నన్నాళ్లూ ఉద్యోగి జీతం, తిరిగొచ్చాక వైద్యం, మానసిక చికిత్స... ఇవన్నీ చాలా పాలసీల్లో కలిసే ఉంటాయి. 'డబ్బివ్వకపోతే చంపేస్తాం' అన్న బెదిరింపులకూ, అక్రమ నిర్బంధాలకూ కూడా కొన్ని వర్తిస్తాయి.

ఇక్కడో మెలిక. బీమా కంపెనీ నేరుగా దొంగలకు డబ్బివ్వదు. ముందు సంస్థే ఎలాగోలా సర్దుకుని కట్టాలి. ఆ తర్వాతే బీమా కంపెనీ ఆ మొత్తాన్ని తిరిగిస్తుంది.

ప్రీమియం అందరికీ ఒకేలా ఉండదు. ఏ దేశం, ఎంతమంది ఉద్యోగులు, ఎన్నాళ్లుంటారు, కాపలా ఏమిటి అని ఆరా తీసి నిర్ణయిస్తారు. 'రోజూ ఒకే దారిలో వెళ్లొద్దు', 'రాత్రిపూట రోడ్డు ప్రయాణం వద్దు', 'ఎక్కడున్నారో ఆఫీసుకు చెప్పాలి'లాంటి జాగ్రత్తలూ నేర్పిస్తారు. నిజానికి సంస్థలకు ఎక్కువ మేలు చేసేది ఇదే. కిడ్నాప్ జరిగాక విడిపించుకోవడం కన్నా జరక్కుండా చూసుకోవడం చవక కదా!

ఫోన్ మోగితే...

జరగరానిది జరిగిందే అనుకుందాం. సంస్థ హాట్‌లైన్‌కి ఫోన్ చేస్తే సలహాదారు బయల్దేరతాడు. చాలామంది మాజీ పోలీసు, సైనికాధికారులే. సినిమాల్లోలా దొంగలతో ఆయనే మాట్లాడేస్తాడనుకుంటే పొరపాటు. తెరవెనకే ఉంటాడు. సంస్థలోనో కుటుంబంలోనో ఒకరిని ఎంచుకుని, ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో నేర్పిస్తాడు. ఫోన్‌లో మాట్లాడే మనిషికి నిర్ణయాధికారం ఉండకూడదన్నది మొదటి సూత్రం. అప్పుడే 'పైవాళ్లను అడిగి చెబుతా' అని గడువు తీసుకునే వీలుంటుంది.

రెండో సూత్రం... మనిషి బతికున్నట్టు రుజువు. 'మీ చిన్నప్పుడు ఇంట్లో పెంచిన కుక్క పేరేంటి?' లాంటి ప్రశ్న పంపుతారు. బందీ మాత్రమే చెప్పగల జవాబు వస్తేనే బేరం ముందుకెళ్తుంది.

మూడోది అన్నిటికన్నా కష్టం. తొందరపడకూడదు! కన్నబిడ్డ దొంగల చేతిలో ఉంటే ఎవరైనా అడిగినంతా ఇచ్చేయాలనే చూస్తారు. కానీ మొదటిరోజే కోటి ఇస్తామంటే, వీళ్ల దగ్గర అయిదు కోట్లున్నాయని దొంగలు అనుకుంటారు. అందుకే సలహాదారు మెల్లగా పెంచమంటాడు. ఈ వారం పది లక్షలు, తర్వాత అయిదు, ఆ తర్వాత రెండు... పెంపు తగ్గుతూ పోవాలి. చెరకులో రసమంతా అయిపోయింది, ఇక పిప్పే మిగిలిందని దొంగలకు నమ్మకం కుదరాలి. ఈ వ్యాపారాన్ని లోతుగా పరిశీలించి 2019లో పుస్తకం రాసిన లండన్ ఆచార్యురాలు అన్యా షార్ట్‌ల్యాండ్ చెప్పేదీ ఇదే. ఒకరు ఎక్కువిస్తే తర్వాతి బందీ ధర పెరుగుతుంది, కాబట్టి ధరను అదుపులో ఉంచడం బీమా సంస్థలందరి అవసరం.

గుట్టు ఎందుకంటే కూడా ఇందుకే. 'మాకు పది కోట్ల పాలసీ ఉంది' అని తెలిస్తే దొంగల బేరం అక్కడినుంచే మొదలవుతుంది. ఇంటిదొంగలకు ఆశ పుడుతుంది. అందుకే పాలసీ సంగతి బయటపెడితే అది రద్దయ్యేలా షరతు పెడతారు.

డబ్బిచ్చినా...

అన్నీ డబ్బుతో తీరే కష్టాలు కావు. 2010 సెప్టెంబరులో సోమాలీ దొంగలు 'ఆస్ఫాల్ట్ వెంచర్' నౌకను పట్టుకున్నారు. 15 మంది సిబ్బందీ భారతీయులే. 2011 ఏప్రిల్లో సొమ్ము ముట్టింది. నౌకను వదిలారు, ఎనిమిది మందిని వదిలారు. ఏడుగురిని మాత్రం ఆపేశారు. భారత నౌకాదళం బంధించిన తమవాళ్లను విడిచిపెట్టాలన్నది కొత్త పేచీ. ఆ ఏడుగురు ఇంటిముఖం పట్టింది 2014 అక్టోబరు చివర్లో!

2015 జులైలో లిబియాలోని సిర్తే విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న నలుగురు భారతీయ అధ్యాపకులు అపహరణకు గురయ్యారు. ఇద్దరు రెండు రోజుల్లోనే బయటపడ్డారు. మిగతా ఇద్దరూ తెలుగువారే. ఏడాదికి పైగా వాళ్ల కుటుంబాలు కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూశాయి. 2016 సెప్టెంబరులో గానీ వాళ్లకు విముక్తి దొరకలేదు.

ఇక మన పొరుగునే, 2011 ఫిబ్రవరిలో మల్కన్‌గిరి కలెక్టర్ ఆర్.వినీల్ కృష్ణను మావోయిస్టులు ఎత్తుకెళ్లినప్పుడు వాళ్లడిగింది సొమ్ము కాదు, ఖైదీల విడుదల. అలాంటిచోట ఏ పాలసీ కాగితమూ అక్కరకు రాదు.

దొంగకు మేపా?

'డబ్బిచ్చేవాళ్లుండబట్టే కదా కిడ్నాపులు?' అన్నది ఈ బీమా మీద పాత విమర్శ. కొట్టిపారేయలేం. 2005-2012 మధ్య ఆఫ్రికా కొమ్ము తీరంలో 179 నౌకలను హైజాక్ చేసి దొంగలు 33.9 కోట్ల నుంచి 41.3 కోట్ల డాలర్ల దాకా రాబట్టారని 2013లో ప్రపంచబ్యాంకు నివేదిక లెక్కకట్టింది. ఇటలీ అయితే 1991లో గట్టి చట్టమే తెచ్చింది. బందీ కుటుంబం ఆస్తుల్ని స్తంభింపజేస్తారు. ఇలాంటి బీమాపైనా నిషేధమే. దాంతో కొన్ని కుటుంబాలు పోలీసులకు చెప్పడమే మానేశాయన్న విమర్శా వచ్చింది. ఉగ్రవాదులకు చెల్లించిన సొమ్మును బీమా కంపెనీలు తిరిగివ్వడం నేరమంటూ బ్రిటన్ 2015లో చట్టం చేసింది. మనదేశంలో డబ్బు కోసం కిడ్నాప్ చేస్తే మరణశిక్ష లేదా యావజ్జీవం. ఐపీసీ 364ఏ స్థానంలో 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలోని 140(2) అమల్లో ఉంది.

'ఇవ్వొద్దు' అనడం దేశానికి సులువు. ఫోన్ అవతల తన కొడుకు గొంతు విన్న తల్లికి కాదు.

వెళ్లేముందు అడగండి

మన ఇళ్లలోంచీ ఎంతోమంది నౌకల్లో, చమురు బావుల్లో, విదేశీ నిర్మాణాల్లో పనికి వెళ్తున్నారు. 2019 డిసెంబరులో నైజీరియా తీరంలో ఒకే నౌకనుంచి 18 మంది భారతీయుల్ని ఎత్తుకెళ్లారు. 2020లో గినీ సింధుశాఖలో 130 మంది నావికులు అపహరణకు గురయ్యారని అంతర్జాతీయ సముద్ర వ్యవహారాల బ్యూరో లెక్క.

నావికులకు ఒక ఊరట ఉంది. సముద్రపు దొంగల చెరలో ఉన్నా జీతం ఆపకూడదంటూ అంతర్జాతీయ నావిక కార్మిక ఒడంబడికకు చేసిన సవరణ 2020 డిసెంబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. మిగతా ఉద్యోగాలకు ఒప్పందంలో రాసుకున్నదే ఆధారం. కిడ్నాప్ పాలసీ ఉందా అని అడిగితే కంపెనీ చెప్పదు, చెప్పకూడదు కూడా. కానీ అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆపదొస్తే చూసుకునే బృందం ఉందా? మేం లేనప్పుడు జీతం ఇంటికొస్తుందా? ఇంట్లోవాళ్లు ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఆ ఫోన్ ఎత్తేదెవరు?

పెట్టె సర్దుకునేటప్పుడు పచ్చడి సీసాతోపాటు ఆ జవాబులు కూడా రాసుకుని, ఒక కాపీ ఇంట్లో అమ్మ చేతికిచ్చి వెళ్లడం మంచిది.