రాని గోడో.. ఒకరికి నవ్వు, ఒకరికి విసుగు

ఇద్దరు బికారులు. దారి పక్కన ఒక చెట్టు. గోడో వస్తాడని పొద్దుపోయే దాకా చూస్తారు. రాడు. మర్నాడూ అంతే. శామ్యూల్ బెకెట్ 'వెయిటింగ్ ఫర్ గోడో'లో కథంటూ చెప్పుకొనేది ఇదే.

2025 సెప్టెంబరులో న్యూయార్క్ బ్రాడ్‌వేలోని హడ్సన్ థియేటర్‌లో ఈ నాటకానికి మళ్లీ తెర లేచింది. సినిమా హీరో కియాను రీవ్స్‌కు బ్రాడ్‌వేలో ఇదే తొలి వేషం. జోడీ అలెక్స్ వింటర్. 1989లో 'బిల్ అండ్ టెడ్' సినిమాతో కుర్రకారును నవ్వించిన జంట ఇది.

చెట్టేదీ?

దర్శకుడు జేమీ లాయిడ్ రంగస్థలంపై చెట్టు పెట్టలేదు. దారికి బదులు పెద్ద సొరంగం కట్టించారు. ఒకచోట ఇద్దరూ చేతిలో లేని గిటార్ వాయిస్తారు. పాత సినిమా గుర్తొచ్చి అభిమానులు కేరింతలు కొట్టారు. బెకెట్ నాటకంలో ఈ సినిమా చేష్టలేంటని కొందరు పెదవి విరిచారు. విమర్శకులదీ ఒక్క మాట కాదు.

నాడూ ఇంతే

ఈ తగువు కొత్తదేం కాదు. 1956 జనవరిలో మయామీలో ఆడినప్పుడు కడుపుబ్బ నవ్విస్తుందని ప్రచారం చేశారు. నవ్వుకుందామని వచ్చినవాళ్లలో చాలామంది విరామానికే లేచి వెళ్లిపోయారు. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైల్లో ఆడితే ఖైదీలు కదలకుండా చూశారు. రోజులు లెక్కపెట్టుకునేవాళ్లకు ఎదురుచూపంటే ఏంటో ఒకరు చెప్పాలా!

హడ్సన్‌కు హీరో కోసం వెళ్లినవాళ్లకు హీరో దొరికాడు. చెట్టు కోసం వెళ్లినవాళ్లకు చెట్టు దొరకలేదు. గోడో మాత్రం ఎవరికీ కనిపించలేదు.