యార్డు కుర్చీ ఎవరిది?

మిర్చి అమ్ముడైతే వంద రూపాయలకు ఒక రూపాయి మార్కెట్ ఫీజుగా యార్డుకు చేరుతుంది. చట్టం ప్రకారం ఆ ఫీజు కట్టాల్సింది కొన్న వ్యాపారే. అయితే ఆ రూపాయిని ముందే లెక్కేసుకుని ధర కోస్తాడన్న సంగతి కల్లంలో కాయలు ఎండబెట్టే ప్రతి రైతుకూ తెలుసు. యార్డులో షెడ్లు, కాటాలు, రోడ్లు మన పంట మీద వచ్చిన సొమ్ముతో ఏర్పడ్డవే. మరి ఆ సొమ్ముకు పెత్తనం చేసే మనిషిని ఎంచేది ఎవరు? రైతు మాత్రం కాదు.

జాబితా వచ్చేదాకా...

మన మార్కెట్ కమిటీలు 1966 నాటి చట్టం కింద నడుస్తున్నాయి. కమిటీలో ఎక్కువ మంది రైతులే ఉండాలని చట్టం చెబుతోంది. కాకపోతే వాళ్లను నియమించేది ప్రభుత్వం. దాంతో అధికార పార్టీకి జెండా మోసినవాళ్లకు, టికెట్ దొరకనివాళ్లకు ఇచ్చే బహుమానంగా ఆ కుర్చీ మారిందని రైతుల ఆవేదన. ఇది ఒక పార్టీ తప్పు కాదు. 2014, 2019, 2024లో ప్రభుత్వాలు మారాయి. మారినప్పుడల్లా పాతవాళ్లు దిగిపోవడం, కొత్త జాబితా కోసం నెలల తరబడి ఎదురుచూపులు.

2024 జూన్‌లో కొత్త ప్రభుత్వం వచ్చింది. 47 మార్కెట్ కమిటీలకు చైర్మన్ల జాబితా వచ్చింది మాత్రం 2025 మార్చి చివర్లో. ఈలోగా ఫిబ్రవరిలోనే మిర్చి ధర పడిపోయి, పల్నాడు, ప్రకాశం రైతులు గుంటూరు యార్డులో టిక్కీల పక్కన దిగాలుగా కూర్చున్నారు. చివరికి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి, 2.91 లక్షల టన్నుల వరకు మార్కెట్ జోక్యం పథకం ప్రకటించింది. చైర్మన్ ఉంటే ధర పెరుగుతుందని కాదు. రైతు తరఫున గట్టిగా అడగాల్సిన పాలకవర్గాల కోసం సరిగ్గా సీజన్లోనే ఎదురుచూడాల్సి రావడమే బాధ.

పత్తి నేర్పిన పాఠం

2014-15లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 4,050 రూపాయలు. సీసీఐ కొనుగోళ్లు గుంటూరు జిల్లా యార్డుల్లో జరిగాయి. రైతు దగ్గర తక్కువకు కొన్న సరుకును వ్యాపారులే రైతుల పేర్లతో మద్దతు ధరకు అమ్ముకున్నారని ఆరోపణలు వచ్చాయి. సీబీఐ కేసులు పెట్టింది. మార్కెటింగ్ శాఖ సిబ్బంది కొందరు సస్పెండ్ అయ్యారు. కంచే చేను మేస్తే కాపు ఎవరు కాయాలి? పొలం లేనివాడి పేరుతో బోరేలు లోపలికొస్తుంటే గేటు దగ్గర నిలదీయాల్సింది కమిటీయే. పదవి ఇచ్చిన నాయకుడి ముఖం చూసే కమిటీకి ఆ ధైర్యం ఎక్కడిది?

ఎన్నుకునే దారి ఉంది

మహారాష్ట్రలో మార్కెట్ కమిటీలకు ఎన్నికలు జరుగుతాయి. అక్కడా డబ్బు, రాజకీయం ఉన్నాయి. అయినా నచ్చనివాణ్ణి దించే అవకాశం రైతు వైపు నుంచి ఉంది. మన దగ్గరా కొత్తేమీ కాదు. 1997 చట్టం కింద సాగర్ కాలువల నీటి సంఘాలకు రైతులే ఓట్లేశారు. 2024 డిసెంబరులో మళ్లీ ఆ ఎన్నికలు జరిగాయి. సహకార సంఘాలకు మాత్రం 2013 తర్వాత ఎన్నికలు లేక, అక్కడా నియమించిన కమిటీలే వచ్చాయి. కాలువ నీటికి ఓటేయగలిగిన రైతు, యార్డుకు వేయలేడా?

అందాకా మనం చేయాల్సినవి

సరుకు అమ్మిన రోజే తక్‌పట్టీ అడిగి తీసుకోండి. తెల్ల చీటీతో సరిపెట్టుకోవద్దు. అందులో బరువు, ధర, కోతలు విడివిడిగా ఉన్నాయో లేదో చదివించుకోండి. మచ్చు పేరుతో కాయలు తీస్తే, తరుగు పేరుతో కిలోలు కోస్తే వెంటనే యార్డు కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. మీ పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం ఎవరు అడిగినా ఊరికే ఇవ్వొద్దు. వేరేవాళ్ల సరుకు మీ పేరుతో అమ్ముడయ్యేది అక్కడే.

యార్డుకు ఏడాదికి ఎంత ఫీజు వచ్చింది, దేనికి ఖర్చయింది అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక్కరే వెళితే తిప్పుతారు. ఊరికి పదిమంది సంతకాలు చేసి వెళ్లండి. ఈసారి ఓటడగడానికి వచ్చిన ప్రతి నాయకుణ్ణీ ఒక్క మాట అడగండి: "యార్డు కమిటీకి ఎన్నికలు పెట్టిస్తావా, లేదా?"