హార్డ్ డిస్క్‌ను తరచూ డీఫ్రాగ్ చేయాలా?

కంప్యూటర్ నెమ్మదిస్తే ‘ఒకసారి డీఫ్రాగ్ చేయండి’ అనే సలహా ఇప్పటికీ వినిపిస్తుంటుంది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో అది సరైన మాటే. ఇప్పుడైతే ముందు మీ కంప్యూటర్‌లో ఉన్నది హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా అన్నది చూసుకోవాలి.

హార్డ్ డిస్క్‌లో గుండ్రటి పళ్లేలు తిరుగుతుంటాయి. వాటిపై చిన్న హెడ్ కదులుతూ డేటాను చదువుతుంది. పాత ఫైళ్లు తీసేసి కొత్తవి చేర్చుతూ పోతే మధ్యమధ్య ఖాళీలు మిగులుతాయి. పెద్ద ఫైలు ఆ ఖాళీల్లో ముక్కలుగా సర్దుకుంటుంది. దాన్ని తెరవాలంటే హెడ్ అటూ ఇటూ పరుగెత్తాలి. ఆ ముక్కలను ఒకచోటికి చేర్చడమే డీఫ్రాగ్.

ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలే ఉండవు. ముక్కలు ఎక్కడున్నా చదవడంలో పెద్ద తేడా రాదు. పైగా దానిపై డేటా రాయడానికి ఓ పరిమితి ఉంటుంది. పదే పదే డీఫ్రాగ్ చేస్తే అనవసరంగా అరుగుతుంది.

హార్డ్ డిస్క్ ఉన్నవాళ్లూ కంగారు పడక్కర్లేదు. 2007లో మార్కెట్లోకి వచ్చిన విస్టా నుంచి విండోసే ఈ పని చూసుకుంటోంది. విండోస్ 10, 11లలో మామూలుగా వారానికోసారి జరిగిపోతుంది. ఎస్‌ఎస్‌డీ అయితే ప్రధానంగా ‘ట్రిమ్’ చేస్తుంది. సెర్చ్‌లో ఇంగ్లిష్‌లో ‘డీఫ్రాగ్’ అని టైప్ చేస్తే మీ డ్రైవ్ రకం, షెడ్యూల్ రెండూ కనిపిస్తాయి. అది ఆన్‌లో ఉంటే చాలు. దీనికోసం డబ్బులు పెట్టి వేరే సాఫ్ట్‌వేర్ కొనడం దండగే.

డిస్క్ టకటకమని శబ్దం చేస్తున్నా, ఫైళ్లు తెరుచుకోకున్నా మాత్రం డీఫ్రాగ్ జోలికి వెళ్లొద్దు. పాడవుతున్న డిస్క్ ఆ ఒత్తిడికి పూర్తిగా ఆగిపోవచ్చు. ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.