నెలాఖరు మెయిళ్లు వాటంతటవే వెళ్తే..!

నెలాఖరు వస్తోందంటే మా చెల్లెలు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేది కాదు. తను ఓ ప్రైవేటు స్కూలు ఆఫీసులో చేస్తుంది. ఫీజు బాకీ ఉన్నవాళ్లకు మెయిళ్లు పంపాలి. పాత మెయిలు కాపీ చేయడం, పేరు మార్చడం, అంకె మార్చడం, పంపడం... ఇలా 180 సార్లు! ఓసారి పేరు మార్చి అంకె మార్చడం మర్చిపోయింది. ఒకరి బాకీ ఇంకొకరికి వెళ్లింది. మర్నాడు ఆఫీసులో మాట పడింది. ఆ ఆదివారమే ఇద్దరం కూర్చుని చిన్న స్క్రిప్టు రాశాం.

శుభలేఖ లాంటిదే!

స్క్రిప్టు అనగానే కంగారు పడక్కర్లేదు. పెళ్లి శుభలేఖలు అందరికీ ఒకటే అచ్చు వేయించి, కవరు మీద పేర్లు మాత్రం విడిగా రాస్తాం కదా... ఇదీ అంతే. గూగుల్ షీట్స్‌లో పేరు, మెయిల్ ఐడీ, బాకీ, గడువు అని నాలుగు కాలమ్‌లు పెట్టుకోవాలి. ‘ఎక్స్‌టెన్షన్స్’ మెనూలో ‘యాప్స్ స్క్రిప్ట్’ ఉంటుంది. 2009 నుంచీ ఉన్న సదుపాయమే. విడిగా ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. జావాస్క్రిప్ట్‌లో పాతిక లైన్లు చాలు. ఒక్కో రో చూడు, బాకీ సున్నా కంటే ఎక్కువుంటే ఉత్తరంలో ఖాళీలు నింపు, పంపు... స్క్రిప్టు చేసేది ఇదే. ‘ట్రిగ్గర్’ పెడితే నెలలో ఫలానా తేదీన, చెప్పిన గంటలో దానంతటదే నడుస్తుంది. ఆఫీసులో అవుట్‌లుక్ వాడేవాళ్లకు మైక్రోసాఫ్ట్ ‘పవర్ ఆటోమేట్’ ఇలాంటిదే.

వంద దగ్గర ఆగిపోయింది

మొదటి నెల ఉత్సాహంగా నడిపాం. సరిగ్గా వంద మెయిళ్లు వెళ్లి ఆగిపోయింది! మామూలు జీమెయిల్ ఖాతా నుంచి స్క్రిప్టు ద్వారా రోజుకు 100 మందికే పంపొచ్చు. సంస్థలు డబ్బు కట్టి తీసుకునే వర్క్‌స్పేస్ ఖాతాలకైతే 1,500. మాకా సంగతి తెలీదు. మర్నాడు మళ్లీ నడిపాం. మొదటి వందమందికే రెండోసారి వెళ్లాయి. మిగతా 80 మందికి అప్పుడూ అందలేదు. అందుకే ‘పంపిన తేదీ’ అని ఇంకో కాలమ్ చేర్చాం. మెయిలు వెళ్లగానే అక్కడ తేదీ పడుతుంది. తేదీ ఉన్న రోను స్క్రిప్టు వదిలేస్తుంది. ఇప్పుడు రెండు రోజుల్లో అందరికీ ఒక్కసారే అందుతోంది.

షీటుకు తెలియనిది

అసలు పాఠం రెండో నెలలో నేర్చుకున్నాం. ఓ పిల్లాడి తండ్రి చనిపోయాడు. ఫీజు సంగతి తర్వాత చూద్దామని హెడ్మాస్టరు ఆ తల్లితో నోటిమాటగా అన్నారు. ఆ మాట షీటులోకి ఎక్కలేదు. పదకొండో రోజున ఆమెకు ‘గడువు దాటింది, వెంటనే చెల్లించగలరు’ అని మెయిలు వెళ్లింది. చేత్తో పంపే రోజుల్లో అయితే ఆ పేరు దగ్గర మా చెల్లెలి చెయ్యి ఆగేది. స్క్రిప్టుకు ఆగడం తెలీదు. ఆ సాయంత్రం చెల్లెలు వాళ్లింటికి వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చింది. మర్నాడే షీటులో ‘ఆపు’ అనే కాలమ్ వచ్చింది. పంపే ముందురోజు జాబితా మొత్తం ఒకసారి కళ్లతో చూడ్డం నియమమైంది.

మీరు మొదలుపెడితే...

* ముందు మీ సొంత ఐడీకే పంపి చూసుకోండి. లేదంటే డ్రాఫ్టులుగా తయారుచేయించి చదవండి.
* స్క్రిప్టు మీ పేరుతో మెయిలు పంపడానికి అనుమతి అడుగుతుంది. ఎక్కడో దొరికిన కోడు అర్థం కాకుండా అతికించొద్దు. పాస్‌వర్డులు అందులో రాయొద్దు.
* ఆఫీసు ఖాతా అయితే ముందుగా పైవాళ్లకు చెప్పండి.
* మీటింగు గుర్తుచేయడం, రోజువారీ రిపోర్టు, బాకీల జాబితా స్క్రిప్టుకు వదిలేయొచ్చు. ఫిర్యాదుకు జవాబు, క్షమాపణ, పరామర్శ మాత్రం మీరే రాయండి.

మూడు రోజుల పని ఇప్పుడు గంటలో అయిపోతోంది. మిగిలిన టైములో ‘ఆపు’ అని ఉన్న ఇళ్లకు మా చెల్లెలు తనే ఫోన్ చేస్తోంది. ‘ఎలా ఉన్నారండీ?’ అనే మొదలుపెడుతుంది. ఫీజు మాట ఎత్తదు.