బ్యానర్ యాడ్ ఆండ్రాయిడ్‌లో సూపర్, ఐఫోన్‌లో తేడా! ఎందుకిలా?

పోయిన దసరా సేల్‌కి మా వీధిలోని మొబైల్ షాప్ అన్న కోసం ఓ యానిమేటెడ్ బ్యానర్ చేశాను. సైజు 300×250. గుండ్రటి మూలలున్న బాక్స్, అందులో ఫోన్ బొమ్మ మెల్లగా జూమ్ అవుతూ ఉంటుంది. నా ల్యాప్‌టాప్‌లోని క్రోమ్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్‌లో పర్‌ఫెక్ట్‌గా ఆడింది.

యాడ్ లైవ్ అవ్వడానికి ముందు రోజు రాత్రి అన్న ఫోన్ చేశాడు. "తమ్ముడూ, నా ఐఫోన్‌లో మూలలు పలకలా కనిపిస్తున్నాయి. బొమ్మ ఆగాక మళ్లీ గుండ్రంగా అవుతున్నాయి. రేపటికి డబ్బులు కూడా కట్టేశాను!"

నేను చేసిన తప్పు

"అన్నా, సఫారీ కాకుండా క్రోమ్‌లో ఓపెన్ చెయ్" అన్నాను. అక్కడా అదే గ్లిచ్. అంటే సఫారీ తప్పు కాదు, నా కోడ్‌లోనే ఏదో ఉందనుకుని గంటసేపు దాన్నే తిరగేశాను.

అసలు విషయం ఏంటంటే, మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్ పెట్టుకున్నా, ఫైర్‌ఫాక్స్ పెట్టుకున్నా లోపల పనిచేసేది సఫారీ వాడే వెబ్‌కిట్ ఇంజినే. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఉండేది బ్లింక్. కాబట్టి టెస్ట్ చేసేటప్పుడు బ్రౌజర్ పేరు కాదు, ఇంజిన్ చూడాలి.

మూలలు ఎందుకు పోయాయి?

నా బాక్స్‌కి బోర్డర్ రేడియస్, ఓవర్‌ఫ్లో హిడెన్ ఇచ్చాను. లోపలి బొమ్మ ట్రాన్స్‌ఫార్మ్‌తో కదులుతోంది. కదిలే బొమ్మని బ్రౌజర్ స్మూత్‌గా ఉండటానికి వేరే లేయర్‌గా తీసి జీపీయూకి ఇస్తుంది. సఫారీ పాత వెర్షన్లలో ఆ లేయర్‌కి బయటి బాక్స్ గుండ్రటి కత్తిరింపు సరిగ్గా అందదు. యానిమేషన్ ఆగగానే లేయర్ కలిసిపోతుంది, మూలలు మళ్లీ వస్తాయి.

మీరూ ఇలా చెక్ చేయండి: ముందు యానిమేషన్ ఒక్కటే తీసేయండి. మూలలు సరిగ్గా వస్తే గొడవ లేయర్ దగ్గరే. అప్పుడు బయటి బాక్స్‌కి ఐసొలేషన్ ప్రాపర్టీని ఐసొలేట్ అని పెట్టండి. నాకు ఆ ఒక్క లైన్‌తోనే సెట్ అయింది. రాత్రి పదకొండుకి అన్న నుంచి థంబ్స్ అప్ వచ్చాక గానీ ఊపిరి ఆడలేదు.

ఇంకొన్ని చోట్లా దొరికిపోతారు

• వీడియో బ్యానర్ ఐఫోన్‌లో దానంతట అది ప్లే అవ్వాలంటే మ్యూటెడ్, ప్లేస్‌ఇన్‌లైన్ రెండూ ఉండాలి. లో పవర్ మోడ్ ఆన్‌లో ఉంటే అప్పుడూ ఆడకపోవచ్చు.
• జావాస్క్రిప్ట్ యానిమేషన్ ఐఫోన్‌లో కుదుపుగా ఉంటే కోడ్ మార్చే ముందు బ్యాటరీ ఐకాన్ చూడండి. పసుపు రంగులో ఉంటే లో పవర్ మోడ్ ఆన్‌లో ఉన్నట్టు. అప్పుడు సఫారీ సెకనుకి 30 ఫ్రేములకి తగ్గిస్తుంది.
• క్రోమ్‌లో బ్యానర్ మాయమై గ్రే బాక్స్ వచ్చిందా? యూజర్ ఇంకా ముట్టుకోని యాడ్ 4 ఎంబీ డేటా దాటినా, ఏ 30 సెకన్లలోనైనా 15 సెకన్ల సీపీయూ తిన్నా, మొత్తం 60 సెకన్లు తిన్నా క్రోమ్ దాన్ని తీసేస్తుంది.

ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న రూల్ ఒకటే. బ్యానర్ పంపే ముందు ఎవరి దగ్గరైనా ఓ పాత ఐఫోన్ అడిగి తీసుకుని, అందులో ఒకసారి ఆడించి చూస్తాను. ఐదు నిమిషాల పనే, కానీ రాత్రి పూట వచ్చే ఆ ఫోన్ కాల్ తప్పుతుంది.